ఆఖరి పేజీ దాకా చదువుదాం

(మేడ్చల్, శామీర్‌పేట వాడల నుంచి వచ్చిన కార్యకర్తలతో, పెద్దలతో, చదువుకునే పిల్లలతో కూర్చున్నప్పుడు మేం చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేం ఏ దాడి గురించో, ఏ ధర్నా గురించో చెప్పడానికి రాలేదు. చదువు గురించి మాట్లాడదామని వచ్చాం. చదువంటే బడి చదువు, డిగ్రీ చదువు అనుకోకండి. ఒక కాయితం చేతికొస్తే దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా నిదానంగా చదవడం, చదివినదాన్ని మనసులో తిప్పి తిప్పి చూడటం, మనకు తోచింది నలుగురిలో నిలబడి చెప్పడం. ఆ చదువు గురించి. అది మన చేతుల్లోంచి జారిపోతున్నదని మాకు భయంగా ఉంది. ఎవడో వచ్చి గుంజుకుపోవట్లేదు. మన జేబులో ఉన్న ఫోనులోకే జారిపోతోంది.

ఎందుకు ఈ భయం పట్టుకుందో ముందు ఒక సంగతి చెప్తాం.

శామీర్‌పేటకు దగ్గర్లోనే ఒక ఊరు. ఊరి పేరొద్దు, మనుషుల పేర్లొద్దు. అక్కడ ఒక ముసలవ్వకు ఎకరం చిల్లర లావణి పట్టా భూమి ఉంది. రోడ్డు దగ్గర. ఒక బ్రోకరు నెల రోజులు ఇంటి చుట్టూ తిరిగిండు. "అమ్ముడు కాదవ్వా, ఉత్త అగ్రిమెంటే" అన్నడు. ఆ అగ్రిమెంటును మనవడి ఫోనుకు వాట్సాప్‌లో పంపిండు. ఆరు పేజీలు. మనవడు డిగ్రీ అయిపోయినోడు. బొటనవేలితో పైకీ కిందికీ జరిపి చూసి, "అంత మంచిగనే ఉన్నదవ్వా. పైసల లెక్క సక్కగనే రాసిండ్రు" అన్నడు.

అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ఊకోలేదు. "ఆరు కాయితాలంటివి. గింత జల్ది ఎట్ల సదివినవ్ కొడుకా? మొదటికెల్లి సదివి నాకు ఇనిపియ్యి" అన్నది. చేసేది లేక ఆ పిల్లవాడు ప్రింటు తీయించుకొచ్చి, అరుగు మీద కూసోని గట్టిగా చదవడం మొదలుపెట్టిండు. నాలుగో పేజీకొచ్చేసరికి గొంతు ఆగిపోయింది. అడ్వాన్సు కింద ఇస్తున్న సొమ్ముతోనే భూమి సొమ్మంతా ముట్టినట్టు, భూమిని అప్పుడే స్వాధీనం చేసినట్టు, ఇక వారసులకు ఏ హక్కూ లేనట్టు అక్కడ రాసి ఉంది. మొదటి పేజీలో కనబడ్డ పెద్ద అంకె నాలుగో పేజీకి వచ్చేసరికి లేకుండా పోయింది. అవ్వ వేలిముద్ర వెయ్యలేదు.

తర్వాత ఆ తమ్ముడు మా దగ్గరికొచ్చి ఒక మాట అన్నడు. "అన్నా, నేను అవ్వకు అబద్ధం చెప్పలే. నిజంగనే సదివిన అనుకున్న. కండ్లు అన్ని లైన్ల మీదికెల్లి పోయినయ్. మనసుల మాత్రం ఒక్కటి నిలువలే. నాలుగు లైన్లు కాంగనే ఇంకోటేదో జూడాలె అనిపిస్తది."

ఈ మాట విన్నప్పటి నుంచి మాకు నిద్ర లేదు. ఎందుకంటే ఇది ఆ ఒక్క పిల్లవాడి సంగతి కాదు. మా సంగతి కూడా. మాలో కొందరం ముప్పై ఏళ్ల కింద కిరోసిన్ దీపం ముందు రాత్రంతా కూర్చుని పుస్తకం ముగించినవాళ్లం. ఇవాళ పది పేజీలు చదివేలోపు నాలుగుసార్లు ఫోను తీసి చూస్తున్నాం. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. దాచుకుంటేనే నష్టం.

మనకూ అక్షరానికీ మధ్య ఉన్న కథ ఈ దేశంలో ఇంకెవరికీ లేదు. శూద్రుడు వేదం వింటే చెవుల్లో కరిగించిన లక్కా సీసమూ పోయమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. శూద్రుడికే ఆ శిక్ష అయితే ఊరి బయట ఉన్న మన సంగతి చెప్పేదేముంది? బాబాసాహెబ్ అంబేడ్కర్ చిన్నప్పుడు బడిలో గోనె సంచి మీద విడిగా కూర్చుని చదువుకున్నాడు. దాహమైతే కుండ ముట్టుకునే హక్కు లేదు. అదే మనిషి 1913లో అమెరికా పోయి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. తర్వాత లండన్ పోయి బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో పొద్దంతా కూర్చున్నాడు. బొంబాయిలో రాజగృహ కట్టుకుంటే అందులో పుస్తకాలకే పెద్ద చోటు ఇచ్చాడు. రాజ్యాంగం రాసే బల్ల దగ్గరికి ఆయన్ని తీసుకుపోయింది ఆ కూర్చోవడమే. గంటలు గంటలు ఒకే చోట, ఒకే విషయం మీద మనసు పెట్టి కూర్చోవడం.

మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలు చెప్పించి జనాన్ని కూడగట్టాడు. 1910 నుంచి ఇసామియా బజార్, లింగంపల్లి లాంటి చోట్ల మన పిల్లలకు బడులు తెరిచాడు. ఒక పలక కోసం, ఒక పంతులు కోసం మన పెద్దలు ఎన్ని గడపలు ఎక్కి దిగారో లెక్క లేదు. అట్లా వచ్చిన అక్షరం ఇది. ఎవరో దయతలచి పెట్టింది కాదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. అక్షరం రాకముందు మనకు ఆలోచన లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. మన వాడల్లో చిందు భాగోతం ఆడితే తెల్లవారేదాకా కూర్చున్నది మన అవ్వలూ తాతలే. డక్కలి వాళ్లు జాంబపురాణం చెప్తుంటే, మనం ఎక్కడి నుంచి వచ్చాం, మన కులాన్ని కిందికి తోసింది ఎవరు అని ప్రశ్నలేసుకుంటూ విన్నది మనవాళ్లే. మొదట చెప్పింది మనసులో పెట్టుకుని చివర చెప్పేదానితో కలిపి చూసుకునే శక్తి వాళ్లకు ఉంది. ఆ ముసలవ్వ ఆరు పేజీల అగ్రిమెంటును విని పట్టుకున్నది ఆ శక్తితోనే. ఆమె మొదటి పేజీలో విన్న అంకెను నాలుగో పేజీ దాకా మోసుకొచ్చింది. చదువుకున్న మనవడు మోయలేకపోయాడు. అక్షరం మనవడికి ఉంది, ఓపిక అవ్వకు ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉంటే మనల్ని ఎవడన్నా మోసం చెయ్యగలడా?

సరే, ఈ ఓపిక ఎట్లా పోయింది? మన పిల్లలు సోమరులై పోలేదు. అట్లా తిట్టేవాళ్లతో మేం కలవం. ఎట్లా పోయిందో చూద్దాం.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. నెట్టు కొన్ని నెలలు ఉచితంగా ఇచ్చారు, తర్వాత చౌకగా ఇచ్చారు. అంతకుముందు నెలకు సరిపెట్టుకున్న నెట్టు ఒక్క రోజులో కాల్చే కాలం వచ్చింది. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతబడ్డాయి. ఆ ఏడు సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడి పిల్లలకు టీవీలో, ఫోనులో పాఠాలు మొదలయ్యాయి. పాఠం కోసం కూలి డబ్బులు పెట్టి ఫోను కొన్న ఇళ్లు మన వాడల్లో ఎన్ని లేవు? పాఠం పేరుతో ఇంట్లోకి వచ్చిన ఫోను, పాఠాలు అయిపోయాక బయటికి పోలేదు. అదే ఏడు జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించారు. దాని చోట్లోకి రీల్సు, షార్ట్సు వచ్చి కూర్చున్నాయి.

ఈ కంపెనీల వ్యాపారం ఏమిటి? మనకు ఉచితంగా చూపించి వాళ్లు ఎట్లా బతుకుతున్నారు? గూగుల్‌కైనా, ఫేస్‌బుక్‌ను నడిపే కంపెనీకైనా వచ్చే డబ్బులో పెద్ద భాగం ప్రకటనలదే. మనం తెర ముందు ఎంతసేపు ఉంటే అన్ని ప్రకటనలు. అందుకే ఒక వీడియో అయిపోగానే ఇంకోటి దానంతట అదే మొదలవుతుంది. కిందికి జరుపుతుంటే అడుగు తగలదు. పుస్తకానికి ఆఖరి పేజీ ఉంటుంది, పత్రికకు ఆఖరి పేజీ ఉంటుంది. దీనికి ఆఖరి పేజీ పెట్టలేదు, కావాలనే పెట్టలేదు. దొర పొలంలో వెట్టి చేసినప్పుడు మన రెక్కల కష్టం పోయింది. ఇక్కడ పోతున్నది మన మనసు పెట్టే శక్తి. జీతం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఐప్యాడ్ తయారు చేసి లోకానికంతా అమ్మిన స్టీవ్ జాబ్స్‌ను 2010లో ఒక పత్రికా విలేకరి అడిగాడట, మీ పిల్లలకు ఇది బాగా నచ్చి ఉంటుంది కదా అని. మా పిల్లలు ఇంకా వాడలేదు, ఇంట్లో ఇలాంటివి ఎంత వాడాలో మేం హద్దు పెడతాం అన్నాడట. అమ్మేవాడికి సరుకు గుణం తెలుసు. సారా కాంట్రాక్టరు తన కొడుక్కి సారా పొయ్యడు.

పరిశోధనలు చేసినవాళ్లు ఏమంటున్నారో కూడా చూద్దాం. అమెరికాలో చదవడం అనే పని మీదే పరిశోధన చేసిన మేరియాన్ వుల్ఫ్ ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. మాట్లాడటం పిల్లలకు వింటూ వింటూ వస్తుంది. చదవడం అట్లా రాదు. పుట్టుకతో మెదడులో చదువుకు చోటు ఉండదు. సాధన చేస్తుంటే మెదడు దానికి బాట వేసుకుంటుంది. నడిచే బాట పొలంగట్టు మీద నిలబడుతుంది, నడవని బాటను గడ్డి కమ్ముతుంది. పైపైన చూసి పోవడమే అలవాటు చేస్తే మెదడు ఆ బాటే వేసుకుంటుంది.

స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు కలిసి 2018లో ఒక లెక్క తీశారు. 2000 నుంచి 2017 దాకా జరిగిన 54 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 1,71,000 మందికి పైగా చదువరుల ఫలితాలను కలిపి చూశారు. ఒకే విషయాన్ని కాగితం మీద చదివినవాళ్లకు తెర మీద చదివినవాళ్ల కన్నా కొంత బాగా అర్థమైంది. తేడా కొండంత ఏమీ లేదు. కానీ రెండు సంగతులు గమనించండి. కథలు చదివేటప్పుడు ఈ తేడా కనబడలేదు, సమాచారం ఉన్న కాగితాలు చదివేటప్పుడు కనబడింది. అంటే చట్టాలు, పాఠాలు, అర్జీలు, ఒప్పందాల లాంటివాటిలో. రెండోది, చిన్నప్పటి నుంచి తెరకు అలవాటు పడ్డ తరం వస్తే తేడా తగ్గుతుందని మనం అనుకుంటాం. తగ్గలేదు. ఏళ్లు గడిచేకొద్దీ పెరిగింది.

కాలిఫోర్నియాలో గ్లోరియా మార్క్ అనే ఆమె, కంప్యూటర్ ముందు పని చేసే మనుషులు ఒక తెర మీద ఎంతసేపు నిలుస్తున్నారో ఏళ్ల తరబడి కొలిచింది. 2004లో సగటున రెండున్నర నిమిషాలు. ఈ మధ్య ఏళ్లలో 47 సెకండ్లు. నలభై ఏడు సెకండ్లలో ఒక జీవో మొదటి పేరా కూడా అయిపోదు.

ఇక్కడ ఎవరన్నా అడగొచ్చు. "అన్నా, ఫోను పెద్ద కులాలోళ్ల పిల్లలు కూడా జూస్తున్నరు గదా, నష్టం అందరికి ఒక్కటే గదా?" ఒక్కటి కాదు. ఇదే మేం చెప్పదలుచుకున్న అసలు మాట. వాళ్లు చదవకపోయినా వాళ్లకు చదివిపెట్టే వకీలు ఉన్నాడు, ఆడిటరు ఉన్నాడు, తాసిల్దారు ఆఫీసులో చుట్టం ఉన్నాడు. మూడు తరాలుగా ఇంట్లో పేర్చిన పుస్తకాల బీరువా ఉంది. మనకు చదివిపెట్టేది ఎవరు? బ్రోకరు. కాయితం తెచ్చినవాడే దాని అర్థం చెప్పేవాడు కూడా అయితే మన బతుకు ఏమవుతుంది? చదవలేకపోవడం వాళ్లకు ఒక అలవాటు లోపం. మనకు ఎకరం భూమి.

మన ప్రాంతాన్ని చూడండి. ఇటు మేడ్చల్ మీదుగా జాతీయ రహదారి, అటు శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి, మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ కంపెనీలు. శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. అందులో చదివే పిల్లలు ఒక్కో కేసు తీర్పు పదుల పేజీలు చదివి తెల్లారి వాదించాలి. వాళ్లకు పరీక్ష చదవడంలోనే. ఆ చుట్టుపక్కల ఊళ్ల మన పిల్లలేమో గోదాముల్లో, కాంట్రాక్టు పనుల్లో, సెక్యూరిటీ డ్యూటీల్లో, డెలివరీ బండ్ల మీద ఉన్నారు. పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చినవాడు ఫోను తీస్తే తప్పని ఎట్లా అంటాం? ఊళ్లో వాచనాలయం లేదు, కూర్చునే చోటు లేదు. ఉన్న ఒక్క చౌక విశ్రాంతి ఆ ఫోనే. కాబట్టి మన తిట్లు పిల్లల మీద వద్దు.

కానీ ఇంటర్నెట్టు మన భూముల దాకా వచ్చిందన్న సంగతి మరవొద్దు. ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబర్ 29న అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించింది ఎక్కడ? మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా మూడుచింతలపల్లిలోనే. ఆ రోజు నుంచి భూమి అంటే తెర మీద వరస అయింది. ఇప్పుడు దాని చోట్లో భూభారతి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి రోజున. పేరు మారినా మనకు కావలసింది మారలేదు. సర్వే నంబరు ఏది, విస్తీర్ణం ఎంత, పేరు ఎవరిది, నిషేధిత జాబితాలో ఉందా లేదా, ఇవన్నీ ఒక్కొక్క గడి చదివి పాత పట్టా కాయితంతో, పహాణీతో పోల్చుకోవాలి. వేలితో జరిపి "ఉన్నదన్నా" అంటే చాలదు. తొమ్మిది గుంటలు ఆరు గుంటలైంది ఆ జరపడంలో కనబడదు.

చట్టం సంగతి తీసుకుందాం. అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం, 1977లో వచ్చింది, తొమ్మిదో నంబరు చట్టం. మన అవ్వ భూమికి కాపలా అదే. దీని మీద నిమిషం వీడియోలు చాలా తిరుగుతాయి. ఒకడు "అసైన్డ్ భూమి అమ్మినా కొన్నా చెల్లదు" అంటాడు. నిజమే, మూడో సెక్షన్‌లో ఆ మాట ఉంది. కానీ మూడో సెక్షన్ అక్కడితో ఆగలేదు. చట్టం రాకముందే మంచి నమ్మకంతో, సొమ్ము ఇచ్చి కొన్న భూమి లేని పేదవాడికి అందులోనే మినహాయింపు ఉంది. నాలుగో సెక్షన్‌కు పోతే, చేతులు మారిన భూమిని అధికారి వెనక్కి తీసుకుని మొదటి పట్టాదారుకో వారసులకో తిరిగి అప్పజెప్పే మాట ఉంది. అది వీలుకాకపోతే భూమి సర్కారుకు పోయే మాట కూడా అక్కడే ఉంది. తర్వాత సవరణలు వచ్చాయి, వాటినీ పక్కన పెట్టుకుని చదవాలి. మన హక్కు మొదటి వాక్యంలో లేదు. "అయితే" అన్న చోట ఉంది, "మినహా" అన్న చోట ఉంది, "లేనిపక్షంలో" అన్న చోట ఉంది. నిమిషం వీడియో మొదటి వాక్యం దగ్గరే అయిపోతుంది. అది విని సంతోషపడి పడుకున్నవాడు మిగతా మూడు మాటల దగ్గర ఓడిపోతాడు.

ఉద్యమం సంగతి కూడా ఇంతే. బాబాసాహెబ్ మాటలు ఇవాళ అందరి స్టేటసుల్లో ఉన్నాయి. జయంతికి, వర్ధంతికి ఒక బొమ్మ, ఒక వాక్యం. మంచిదే. కానీ ఒక్క వాక్యాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. మన వాడ మీదికి కర్రలతో వచ్చినవాడు కూడా ఏప్రిల్ 14న అదే బొమ్మ పెట్టుకుంటున్నాడు. వాక్యాన్ని అరువు తీసుకోవడం తేలిక. వాదాన్ని అరువు తీసుకోవడం కుదరదు.

'కుల నిర్మూలన' సంగతి మీకు తెలుసు. 1936లో లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు బాబాసాహెబ్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచారు. ఆయన రాసి పంపిన ప్రసంగం చూసి భయపడి, మార్చమన్నారు. ఒక్క కామా కూడా మార్చనన్నాడు. సభ రద్దయింది. ఆయన తన సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించాడు. చెప్పనివ్వని ప్రసంగం చదివే పుస్తకమైంది. దాన్ని మొదటి నుంచి చదివినవాడికి తెలుస్తుంది, అది ఒక మెట్టు మీద ఒక మెట్టు కట్టుకుంటూ పోతుంది. సంఘ సంస్కరణ లేకుండా రాజకీయ మార్పు నిలవదని మొదట చూపిస్తాడు. తర్వాత సోషలిస్టులకు జవాబు చెప్తాడు. కులం పని విభజన అనేవాళ్లకు, పని చేసే మనుషుల్నే విభజించిందని చూపిస్తాడు. ఒకటొకటిగా అడ్డాలు తీసుకుంటూ చివరికి శాస్త్రాల దగ్గరికి తీసుకుపోతాడు. మధ్యలో రెండు మెట్లు వదిలేస్తే చివరి మాట నినాదంగా మిగులుతుంది. నినాదం ఊరేగింపులో పనికొస్తుంది. ఊళ్లో పెద్దమనిషి ఎదురుగా కూర్చుని "కులం ఇప్పుడు ఏడున్నది బిడ్డా?" అని నవ్వుతూ అడిగినప్పుడు నినాదం పనికిరాదు. అప్పుడు మెట్లు కావాలి.

ఇంకో ప్రమాదం ఉంది. చదవడం తగ్గితే కోపం మిగులుతుంది, ఆలోచన పోతుంది. మాలలను తిడుతూ ఒక వీడియో, మాదిగలను తిడుతూ ఒక వీడియో వాట్సాప్‌లోకి వస్తుంది. ఎవడు చేశాడో తెలియదు, ఎక్కడిదో తెలియదు. ముందుకు పంపడానికి ఒక సెకండు చాలు. పక్కింటోడితో మాట బంద్ కావడానికి ఆ ఒక్క సెకండు చాలు. నిదానంగా చదివేవాడు మొదట అడిగే ప్రశ్న, ఇది ఎవరు రాశారు, ఎవరికి లాభం అని. ఆ ప్రశ్న అడిగే అలవాటే మన ఐక్యతకు కాపలా.

అట్లాగని ఫోన్లు చెరువులో పారేద్దామా? మేం ఆ మాట అనం. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోతే, ఆయన రాసిన ఉత్తరాన్ని దేశమంతా ఫోన్లలోనే చదివింది. పత్రికలు లోపలి పేజీలో చిన్నగా వేసే దాడుల వార్తల్ని మన పిల్లలే వీడియో తీసి బయటపెడుతున్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అచ్చు వేస్తూ వస్తున్న బాబాసాహెబ్ ఇంగ్లీషు సంపుటాలు ఇవాళ ఫోనులోనే డబ్బు లేకుండా దొరుకుతాయి. ఒకప్పుడు వాటి కోసం అబిడ్స్ దాకా పోయి, కొనే స్తోమత లేక చూసి వచ్చినవాళ్లం మేం. ఇన్ని పుస్తకాలు జేబులో పెట్టుకుని తిరిగే భాగ్యం మన పెద్దలకు లేదు. మరి ఆ జేబులోంచి మనం తీస్తున్నది ఏమిటన్నదే ప్రశ్న. కత్తి పీట వంటింట్లో ఉండాలి, పసిపిల్లల పడకలో కాదు.

పోయిన ఓపిక తిరిగి వస్తుందా? వస్తుంది. సాధనతో వచ్చింది సాధనతోనే తిరిగి వస్తుంది. మా వాడలో కొన్నాళ్లుగా చేసి చూసిన పనినే మీ ముందు పెడుతున్నాం.

ఒకటి. పదిహేను రోజులకోసారి, ఒక సాయంత్రం, ఒక గంట. కమ్యూనిటీ హాలైనా సరే, చెట్టు కిందైనా సరే. వచ్చినవాళ్లందరి ఫోన్లు ఒక చాటలో పెట్టి పక్కకు పెట్టాలి. మొదటి రెండుసార్లు చేతులు గుంజుతాయి. మాకూ గుంజాయి. నాలుగోసారికి తగ్గింది. బాబాసాహెబ్ 1920 జనవరి 31న మొదలుపెట్టిన 'మూక్‌నాయక్' కూడా పక్షపత్రికే. పక్షానికోసారి నలుగురు కూడి చదవడం మనకు కొత్త సంగతి కాదు.

రెండు. ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్లు వినాలి. అక్షరం రాని అవ్వలను, అయ్యలను ముందు వరసలో కూర్చోబెట్టాలి. వాళ్లు అడిగే ప్రశ్నలే గట్టివి. "అయితే" అన్న మాట వచ్చిన ప్రతి చోటా ఆగాలి. చదివేది తక్కువైనా సరే, మధ్యలో వదిలేయొద్దు. రెండు పేజీల జీవో అయినా ఆఖరి సంతకం దాకా పోవాలి.

మూడు. చదివాక ఒక్కొక్కరు తమ మాటల్లో చెప్పాలి. చెప్పలేకపోతే అర్థం కాలేదన్నట్టు. మళ్లీ చదవాలి. ఇందులో చిన్నతనం లేదు. మాలో డిగ్రీలున్నవాళ్లే మూడుసార్లు చదివించుకున్నాం.

నాలుగు. ఫోనులో వచ్చిన ఏ ఒప్పందమైనా, ఏ నోటీసైనా కాగితం మీదికి తెచ్చుకుని చదవాలి. పెన్సిలు చేతిలో పెట్టుకోవాలి. కాగితం మీద చదవకుండా వేలిముద్ర లేదు, సంతకం లేదు, ఓటీపీ చెప్పడం లేదు. ఈ మాట ప్రతి ఇంట్లో చెప్పండి.

అయిదు. వాచనాలయం మన హక్కు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తున్నారు, రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. మన గుడిసె నుంచి కూడా ఆ పన్ను పోతోంది. మరి మన వాడకు ఒక గది, రెండు బల్లలు, నాలుగు పత్రికలు ఎందుకు రావు? మీ ఊరు పంచాయతీలో ఉన్నా, మున్సిపాలిటీలో కలిసినా, ఈ ప్రశ్న అర్జీగా రాసి ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. అర్జీని మీరే రాయండి. నలుగురు కూర్చుని ఒక అర్జీ రాయడమే ఒక చదువు.

ముగించే ముందు ఒక మాట. మన తాతలకు కాయితం ముందు పెడితే బొటనవేలు చాపడమే తెలుసు. ఆ వేలిముద్రలతోనే వాళ్ల భూములు పోయాయి, వెట్టి బాండ్లు వచ్చాయి. వేలిముద్ర నుంచి సంతకానికి రావడానికి మనకు ఒక శతాబ్దం పోరాటం పట్టింది. ఇవాళ మన పిల్లలు మళ్లీ బొటనవేలి దగ్గరికే వస్తున్నారు. ఆ వేలితోనే జరుపుతున్నారు, చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని ఆ వేలితోనే నొక్కుతున్నారు. ఏకలవ్యుడి వేలు అడిగి తీసుకున్నారు. మన వేలు ఎవరూ అడగలేదు, మనమే అప్పజెప్తున్నాం.

మొదట చెప్పిన అవ్వ ఇప్పుడు మా కూటానికి ప్రతిసారీ వస్తున్నది. వచ్చి ముందు వరసలో కూర్చుంటది. చదివేవాడు తొందరపడి ఒక పేరా దాటేస్తే చాలు, "ఆగు బిడ్డా, మద్యల ఏదో ఇడిసిపెట్టినవ్" అంటది. ఎట్లా కనిపెడుతుందో మాకు తెలియదు. చదివేది ఇప్పుడు ఎక్కువగా ఆ మనవడే. మొన్న 1977 చట్టం మొదటి నుంచి ఆఖరి దాకా ఆయనే చదివి వినిపించిండు. గంటన్నర పట్టింది. చాటలో ఫోన్లు రెండు మూడుసార్లు మోగినయ్. ఎవరూ లేవలేదు.

ఈ పత్రిక చేతిలో పట్టుకున్నవాళ్లు కూడా దీన్ని ఇంట్లో ఒక్కసారి గట్టిగా చదవండి. పక్కింటివాళ్లను కూడా పిలవండి. చివరి అక్షరం దాకా చదవండి.

జై భీమ్!